మింబర్ ఎక్కే ముందు, మింబర్ దిగిన తర్వాత: ఇమామ్ ఇబ్నె జౌజీ (రహ్మలై)

మాట్లాడే శక్తి అల్లాహ్ మనిషికి ప్రసాదించిన వరాలలో చాలా గొప్పది. దివ్య ఖుర్ఆన్‌లోని సూరె రహ్మాన్ ఆరంభంలో ఖుర్ఆన్ బోధించిన సంగతి, మనిషిని సృష్టించిన సంగతి చెప్పిన వెంటనే అతనికి మాట నేర్పిన సంగతి వస్తుంది. హజ్రత్ మూసా (అలై)ను ఫిరౌన్ దర్బారుకు పంపినప్పుడు ఆయన అల్లాహ్‌ను కోరుకున్నవి సైన్యమూ, ఆయుధాలూ కావు. తన హృదయాన్ని విశాలం చేయమని, నాలుక ముడి విప్పమని, తనకన్నా స్పష్టంగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలై)ను తోడుగా ఇవ్వమని వేడుకున్నారు. సందేశం ఎంత గొప్పదైనా అది ఎదుటివారికి అర్థమయ్యేలా చేరాలి కదా!

మన ఊళ్ళలో జల్సాలు, ఇజ్తెమాలు జరుగుతూనే ఉంటాయి. ప్రతి జుమాకు ప్రసంగం వింటూనే ఉంటాం. కాని ఇంటికి వచ్చాక ఏం చెప్పారని ఆడవాళ్ళో పిల్లలో అడిగితే చాలాసార్లు మన దగ్గర జవాబు ఉండదు. మౌల్వీ సాబ్ గొంతు బాగుందంటాం, బాగా ఏడిపించారంటాం, అంతే. మంచి ప్రసంగం అంటే ఏమిటి? అది గొంతులో ఉందా, పదాల పొందికలో ఉందా, లేక మరెక్కడైనా ఉందా? ఈ ప్రశ్నకు ఒక మనిషి జీవితమే జవాబు చెబుతుంది. ఆయన హిజ్రీ ఆరో శతాబ్దంలో బాగ్దాదు నగరాన్ని తన మాటతో కదిలించిన ఇమామ్ అబుల్ ఫరజ్ అబ్దుర్రహ్మాన్ ఇబ్నె జౌజీ (రహ్మలై).

ముందుగా ఒక పొరపాటును సరిచేసుకుందాం. మనలో చాలామంది ఇబ్నె జౌజీ, ఇబ్నె ఖయ్యిమ్ ఇద్దరూ ఒకరేననుకుంటారు. అది నిజం కాదు. ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మలై) దాదాపు నూటయాభై ఏళ్ళ తర్వాత డమాస్కస్‌లో జీవించిన పండితులు. అక్కడ జౌజియ్యా అనే మద్రసా ఉండేది. దాని నిర్వాహకుణ్ణి ‘ఖయ్యిమ్’ అనేవారు. ఆయన తండ్రి ఆ పదవిలో ఉండటం వల్ల కొడుకును ఇబ్నె ఖయ్యిమిల్ జౌజియ్యా అన్నారు. ఆ మద్రసాను కట్టించినది మాత్రం మన ఇబ్నె జౌజీ గారి చిన్న కుమారుడు యూసుఫ్. ఆయన ప్రస్తావన ముందు ముందు వస్తుంది.

ఎండు రొట్టెలు, కాలువ నీళ్ళు

ఇబ్నె జౌజీ హి.శ. 510 (క్రీ.శ. 1116) ప్రాంతంలో బాగ్దాదులో జన్మించారు. వంశం హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) దాకా వెళ్తుంది. జౌజ్ అంటే అక్రోటు. పూర్వీకుల ఇంట్లో ఉన్న అక్రోటు చెట్టు వల్ల ఆ పేరు వచ్చిందని ఒక కథనం. కుటుంబానిది రాగి వ్యాపారం, బాగా కలిగినవారే. కాని మూడేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. తల్లి తనను పెద్దగా పట్టించుకోలేదని తర్వాత ఆయనే రాసుకున్నారు. చేరదీసినది మేనత్త. ఆ పుణ్యాత్మురాలు పిల్లవాడి చేయి పట్టుకుని హదీసు పండితుడైన ఇబ్నె నాసిర్ మసీదుకు తీసుకెళ్ళి అప్పగించింది. చరిత్ర పుస్తకాల్లో ఆమె గురించి ఇంతకు మించి పెద్దగా ఏమీ కనబడదు. కాని ఆ ఒక్క నడక లేకపోతే మనం ఈ వ్యాసం రాసేవాళ్ళం కాదు.

తోటి పిల్లలు దజ్లా నది వంతెన మీద గారడీలు, వేడుకలు చూస్తుంటే ఈ పిల్లవాడు చేతిలో చిన్న పుస్తకం పట్టుకుని జనానికి దూరంగా నీటి ఒడ్డున కూర్చునేవాడు. హదీసులు వినడానికి ఒక గురువు దగ్గరి నుంచి మరో గురువు దగ్గరికి పరుగెత్తేవాడు. వెంట కొన్ని ఎండు రొట్టెలు ఉండేవి. అవి గట్టిపడి నమలడానికి వీలుండేది కాదు. అందుకని ఈసా కాలువ ఒడ్డున కూర్చుని ఒక ముద్ద తిని ఒక గుక్క నీళ్ళు తాగేవాడు. ఆ రోజుల్లో జ్ఞానం ఇచ్చిన రుచి ముందు ఆ కష్టం తనకు తేనెకంటే తీయగా ఉండేదని ముసలితనంలో గుర్తుచేసుకున్నారు.

యుక్తవయసు వచ్చాక తండ్రి ఆస్తిలో నీ వాటా ఇదేనని ఇరవై దీనార్లు, రెండు ఇళ్ళు చేతికిచ్చారు. తండ్రి వదిలివెళ్ళిన సంపద వేలల్లో ఉండేది. అయినా ఈ యువకుడు దావాకు దిగలేదు. దీనార్లతో పుస్తకాలు కొన్నారు. ఇళ్ళు అమ్మేసి ఆ సొమ్మునూ చదువుకే ఖర్చుపెట్టారు. తాను చదివిన సంపుటాలు ఇరవై వేలు అని చెప్పినా తక్కువే అవుతుందని, ఇంకా వెతుకుతూనే ఉన్నానని ఒకచోట రాశారు. మింబర్ మీద ఆయన గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం చూసినవారు అది పుట్టుకతో వచ్చిన వరమనుకున్నారు. దాని వెనుక ఈ ఇరవై వేల సంపుటాలు ఉన్నాయి.

కాలం విషయంలో ఆయన పిసినారితనం చూస్తే మనకు సిగ్గేస్తుంది. ఊరికే కబుర్లకు వచ్చేవాళ్ళను కాదంటే మనసు నొచ్చుకుంటుంది, రానిస్తే కాలం పోతుంది. అందుకని కాగితాలు కత్తిరించడం, కలాలు చెక్కడం, పుస్తకాల కట్టలు కట్టడం వంటి బుద్ధికి పనిలేని పనులన్నీ ఆ సమయానికి దాచిపెట్టుకునేవారు. అతిథి మాట్లాడుతూ ఉంటే ఈయన చేతులు కలం చెక్కుతూ ఉండేవి. ఆ కలపు పొట్టును కూడా పారేసేవారు కాదు.

మొదటి మింబర్

పదేళ్ళ వయసులో, హి.శ. 520లో, హెరాత్ నుంచి వచ్చిన ఒక ఉపన్యాసకుడు ఈ పిల్లవాడికి కొన్ని ధర్మబోధ వాక్యాలు నేర్పి తన వీడ్కోలు సభలో మింబర్ ఎక్కించారు. ఆ రోజు వచ్చిన జనాన్ని యాభై వేలుగా అంచనా వేశారని ఇబ్నె జౌజీ తన చరిత్ర గ్రంథం అల్ ముంతజమ్‌లో రాశారు. అంచనా కాస్త అటూ ఇటూ అయినా, పదేళ్ళ పిల్లవాడు బెదరకుండా నిలబడ్డాడు, అదీ విశేషం.

అయితే అంతటితో దారి సుగమం కాలేదు. గురువు ఇబ్నె జాగూనీ హి.శ. 527 (క్రీ.శ. 1132)లో చనిపోయినప్పుడు ఆయన సభాస్థానాన్ని తనకివ్వమని ఈ యువకుడు కోరారు. వయసు చాలదని వేరొకరికి ఇచ్చారు. ఆయన అలిగి ఇంట్లో కూర్చోలేదు. మంత్రి అనూషిర్వాన్ ఎదుట ఒక ప్రసంగం వినిపించి జామె మన్సూర్‌లో బోధించడానికి అనుమతి సంపాదించుకున్నారు. అక్కడినుంచి ఆరున్నర దశాబ్దాలు! హి.శ. 574 నాటికి ఐదు మద్రసాలలో బోధన ఆయన చేతిలో ఉంది.

ఒక యాత్రికుడు చూసిన సభ

ఈ సభలు ఎలా జరిగేవో మనకు తెలియడానికి కారణం అందలుసియా యాత్రికుడు ఇబ్నె జుబైర్. హజ్ చేసుకుని తిరిగి వెళ్తూ ఆయన క్రీ.శ. 1184 మే నెలలో బాగ్దాదులో ఆగారు. నగరం ఆయనకు నచ్చలేదు. అక్కడి జనం గర్వపోతులని కూడా రాశారు. కాని ఇబ్నె జౌజీ సభ గురించి రాసేటప్పుడు ఆ కలం మారిపోయింది. ఈ ఒక్క సభ కోసమే సముద్రాలు, ఎడారులు దాటి వచ్చినా ఆ ప్రయాణం లాభసాటి బేరమేనన్నారు.

శనివారం నది ఒడ్డున ఇబ్నె జౌజీ ఇంటి ఎదుట సభ. ముందుగా ఇరవై మందికి పైగా ఖారీలు కుర్చీల మీద కూర్చున్నారు. ఇద్దరో ముగ్గురో కలిసి ఒక ఆయత్ పఠిస్తే, వారు ఆపిన చోట మరో జట్టు వేరే సూరాలోని మరో ఆయత్ అందుకుంటుంది. అలా వంతులవారీగా ఎన్నో ఆయతులు. ఏది తర్వాత ఏది వచ్చిందో విన్నవాళ్ళకే గుర్తుండదు. అప్పుడు ఇబ్నె జౌజీ లేచి ప్రసంగం మొదలుపెట్టారు. అప్పుడే పఠించిన ఆ ఆయతుల మొదటి మాటలన్నిటినీ, వచ్చిన వరుసలోనే, ప్రాస తప్పకుండా తన ఖుత్బాలో కూర్చుకుంటూ వెళ్ళారు. ముందుగా రాసుకుంటే ఇది సాధ్యం కాదు, అప్పటికప్పుడు అల్లవలసిందే. వినడమే ఆయన ప్రసంగానికి మొదటి మెట్టు. ఖారీ పఠిస్తున్నప్పుడు తన తర్వాతి మాట గురించి ఆలోచించుకునే వక్తకు ఇది చేతకాదు.

ఆ తర్వాత చీటీలు వచ్చాయి. జనం తమ సందేహాలను చిన్న కాగితాల మీద రాసి పంపేవారు. ఆయన ఒక్కొక్క చీటీ చూసి రెప్పపాటులో జవాబు చెప్పేవారు. సభలో ఎక్కువ భాగం ఈ చీటీల జవాబులతోనే గడిచిందని యాత్రికుడు రాశారు. ఇది మన జల్సాల నిర్వాహకులు గమనించవలసిన విషయం. మన దగ్గర వక్త రెండు గంటలు మాట్లాడతారు, విన్నవారి సందేహానికి రెండు నిమిషాలు మిగలవు. ఇబ్నె జౌజీ సభకు వచ్చిన కూలివాడు, వ్యాపారి తమ ప్రశ్నకు జవాబు తీసుకుని ఇంటికి వెళ్ళేవారు.

చివర్లో గొంతు మెత్తబడింది. జనం ఏడ్చారు. పశ్చాత్తాపంతో ముందుకు వచ్చినవారి నుదుటి జుట్టు కత్తిరించి తౌబా చేయించారు. కొందరు స్పృహ తప్పితే చేతుల మీద మోసుకెళ్ళారు. జనం నిప్పుల మీద నిలబడ్డట్టు ఉన్న ఆ క్షణంలోనే ఆయన కన్నీళ్ళతో చప్పున మింబర్ దిగిపోయారు. ఇంకొంచెం ఏడిపిద్దామనుకోలేదు.

ఎప్పుడు ఆపాలో తెలియడం సహాబాల నుంచి వచ్చిన సంప్రదాయమే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) వారానికి ఒక్కసారి, గురువారం మాత్రమే బోధించేవారు. రోజూ చెప్పమని అడిగితే, జనానికి విసుగు కలుగుతుందన్న భయమే తనను ఆపుతోందని, దైవప్రవక్త (సఅసం) కూడా తమ విషయంలో అలాగే వ్యవహరించేవారని చెప్పారు. ఇది బుఖారీ హదీసు.

ఆయన చమత్కారం గురించి కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. ఆనాటి బాగ్దాదులో సున్నీ, షియా తగాదాలు వీధుల్లో రక్తం చిందించేదాకా వెళ్ళేవి. రెండు పక్షాలవారూ కలిసి, దైవప్రవక్త (సఅసం) తర్వాత శ్రేష్ఠులు హజ్రత్ అబూబక్ర్ (రజి)యా, హజ్రత్ అలీ (రజి)యా అని సభలోనే నిలదీశారు. ఎవరి కుమార్తె ఆయన ఇంట్లో ఉన్నారో వారేనని జవాబిచ్చి, మరో ప్రశ్న పడకుండా వెంటనే దిగి వెళ్ళిపోయారు. అబూబక్ర్ (రజి) కుమార్తె ఆయిషా (రజి) ప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నారు. ప్రవక్త (సఅసం) కుమార్తె ఫాతిమా (రజి) అలీ (రజి) ఇంట్లో ఉన్నారు. రెండు పక్షాలూ తమకే అనుకూలమైన జవాబు వచ్చిందని సంతోషంగా ఇళ్ళకు వెళ్ళాయి. ఆ రోజు తలలు పగలలేదు. దీన్ని తప్పించుకోవడం అనేవారు ఉన్నారు. మేము మాత్రం అలా అనలేము.

ఖలీఫా ఎదుట

ఎదుట ఎవరున్నారన్నది మాటకు అసలు పరీక్ష. ఖలీఫా అల్ ముస్తదీ (పాలన క్రీ.శ. 1170-1180) ఈయన సభలంటే చెవికోసుకునేవారు. రాజభవన సముదాయంలోని బద్ర్ ద్వారం దగ్గర సభ పెట్టించి తెర చాటునుంచి వినేవారు. అలాంటి చోట పొగడ్త చాలా సులువు, లాభం కూడా. ఒకనాడు ఇబ్నె జౌజీ ఆయననే ఉద్దేశించి, తాను మాట్లాడితే ఖలీఫా వల్ల తనకు భయమని, ఊరుకుంటే ఖలీఫాకు ఏమవుతుందోనని భయమని, ప్రేమ వల్ల రెండో భయానికే పెద్దపీట వేస్తున్నానని అన్నారు. ఆ తర్వాత కరవు ఏడాదిలో హజ్రత్ ఉమర్ (రజి) ఆకలితో అరుస్తున్న తన కడుపుతో, జనం కడుపు నిండేదాకా నీకు నెయ్యి దొరకదని చెప్పిన సంఘటన వినిపించారు. ఖలీఫా ధర్మాలు చేసి ఖైదీలను విడిపించారని చరిత్రకారులు రాశారు.

ఆ మాటల అమరిక గమనించండి. తిట్టు లేదు, భట్రాజు పొగడ్త లేదు. మొదట తన మనసులోని భయాన్ని ఒప్పుకున్నారు. తర్వాత ఖలీఫా మేలు కోరుతున్నానన్నారు. తప్పు ఎత్తిచూపే బదులు ఉమర్ (రజి)ను ఎదుట నిలబెట్టారు. పోల్చుకునే పని వినేవాడికే వదిలేశారు. ఇంట్లో పెద్దవాళ్ళకు, పనిచేసే చోట యజమానికి ఒక నిజం చెప్పవలసి వచ్చినప్పుడు మనం ఇందులో సగం నేర్చుకున్నా చాలు.

బోధకుల మీద ఒక బోధకుని పుస్తకం

ఆనాటి కథకుల గురించి, బోధకుల గురించి అందరికంటే కఠినంగా రాసినవారిలో ఈ మహా బోధకుడే ముందుంటారు. కితాబుల్ ఖుస్సాస్ వల్ ముజక్కిరీన్ అనే గ్రంథం ఇందుకోసమే రాశారు. దైవభీతి ఉట్టిపడుతున్నట్టు కనబడాలని ముఖం పాలిపోయేలా పొగ పట్టించుకునేవాళ్ళు, కన్నీళ్ళు రావడానికి కంటికి మందు రాసుకునేవాళ్ళు, మింబర్‌ను రంగు గుడ్డలతో అలంకరించి దాని మీద చేత్తో బాదేవాళ్ళు, ప్రేమ గీతాలు రాగం తీసి జనం బట్టలు చింపుకునేలా చేసేవాళ్ళు... ఒక్కొక్కరి గుట్టూ విప్పారు. వీళ్ళ దగ్గర జనం ఏడ్చేది నిజమే, కాని ఆ ఏడుపుకూ దీన్‌కూ సంబంధం లేదన్నది ఆయన అభిప్రాయం. బోధకుడికి ఖుర్ఆన్, హదీసు, ఫిఖ్హ్, చరిత్ర, భాష తెలిసి ఉండాలని, వీటన్నిటికీ పునాది తఖ్వా అని రాశారు.

అన్నిటికంటే ఆయనను మండించినది కల్పిత హదీసులు. వాటిని ఏరి అల్ మౌజూఆత్ అనే పెద్ద గ్రంథమే కూర్చారు. అందులో ఒక సంఘటన ఉంది. బాగ్దాదు రుసాఫా మసీదులో ఒక కథకుడు ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్, యహ్యా బిన్ మయీన్‌ల పేర్లు చెప్పి ఒక వింత హదీసు చెబుతున్నాడు. ఆ ఇద్దరూ అక్కడే కూర్చుని వింటున్నారు! చిల్లర పోగుచేసుకున్నాక పిలిచి అడిగితే, లోకంలో ఆ పేర్లు గలవాళ్ళు మీరిద్దరే అనుకుంటున్నారా, నేను పదిహేడు మంది అహ్మద్ బిన్ హంబల్‌ల దగ్గర రాసుకున్నానని దబాయించి వెళ్ళిపోయాడట. వినడానికి చాలా బాగుంది. అయితే తర్వాతి కాలపు ఇమామ్ జహబీ (రహ్మలై) ఈ సంఘటన పరంపర మీదే సందేహం వెలిబుచ్చారు. కట్టుకథలను ఖండించే కథను కూడా తూచే చూడాలన్నమాట. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి హదీసునూ పదిమందికి పంపే మనవాళ్ళ సంగతి ఏమనాలి?

ఇబ్నె జౌజీ తప్పులకు అతీతులని మనం అనడం లేదు. అల్ మౌజూఆత్‌లో కొన్ని మంచి హదీసులను కూడా కల్పితాల జాబితాలో చేర్చారని, మరోపక్క తన ఉపదేశ గ్రంథాల్లో బలహీనమైనవాటిని వాడారని హదీసు పండితులు తప్పుపట్టారు. ఆ మాటలో నిజముంది. హి.శ. 571లో సహాబాలను దూషించేవారి గురించి తనకు తెలియజేయమని మింబర్ మీదనుంచే ప్రకటించి, వారిని శిక్షించే అధికారం ప్రభుత్వం నుంచి పొందారు. గుండెను కరిగించే నాలుక చేతికి కొరడా కూడా వస్తే ఏమవుతుందన్న ఆలోచన చదువుతున్నప్పుడు మనకు రాక మానదు.

సభ ముగిశాక

ఆయన తన మనసులో మెదిలిన ఆలోచనలను అప్పటికప్పుడు రాసిపెట్టుకున్న గ్రంథం సైదుల్ ఖాతిర్. మొట్టమొదటి ఆలోచనే ప్రసంగం గురించి. ఉపదేశం వింటున్నంతసేపూ మనసు మేల్కొని, సభ నుంచి లేవగానే మళ్ళీ ఎందుకు గట్టిపడుతుంది? ఉపదేశాలు కొరడా దెబ్బల వంటివని, పడుతున్నప్పుడు ఉన్న నొప్పి పడ్డాక ఉండదని ఆయన జవాబు. పైగా సభలో మనిషి లోకం చింతలన్నీ బయట వదిలి కూర్చుంటాడు, బయటికి రాగానే అవి మళ్ళీ చుట్టుకుంటాయి. కొందరు మాత్రం నిశ్చయం చేసుకుని వెనుదిరగకుండా సాగిపోతారు, కొందరు ఊగిసలాడతారు, మరికొందరి మీద మాట నున్నటి బండ మీద నీళ్ళలా జారిపోతుంది. లక్షమంది తన చేతుల మీదుగా తౌబా చేశారని చెప్పుకున్న మనిషి, మాటకు ఉన్న హద్దు కూడా ఇంత బాగా ఎరిగి ఉన్నారు.

అదే పుస్తకంలో ఇంకొకటి ఉంది. ఒక రోజు సభలో పదివేల మందికి పైగా ఉన్నారు. మనసు కరగని, కన్ను చెమర్చని మనిషి కనబడలేదు. వక్తకు ఇంతకు మించి ఏం కావాలి? ఆయనకు మాత్రం వెన్నులో వణుకు పుట్టింది. వీళ్ళందరూ రక్షణ పొంది, నేను ఒక్కడినే నాశనమైతే నా గతేమిటి అనుకున్నారు. ప్రభూ, రేపు నన్ను శిక్షించాలని నీవు నిర్ణయిస్తే ఆ సంగతి వీళ్ళకు తెలియనివ్వకు, నీ వైపు దారి చూపినవాణ్ణే శిక్షించావని వీళ్ళు అనుకోకుండా నీ ఔదార్యాన్ని కాపాడుకో అని మొరపెట్టుకున్నారు. తనమీద తాను జాలిపడుతున్నప్పుడు కూడా విన్నవాళ్ళ విశ్వాసం ఏమవుతుందోననే ఆలోచన వదలలేదు.

కొడుకుకు రాసిన ఉత్తరం

పదిమంది పిల్లలను ఇమ్మని అల్లాహ్‌ను అడిగితే ఐదుగురు కొడుకులు, ఐదుగురు కూతుళ్ళు పుట్టారు. వారిలో నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు పోయారు. అప్పటికి మిగిలిన ఒక్క కొడుకు అబుల్ ఖాసిమ్ అలీ. అతనిలో చదువుమీద శ్రద్ధ తగ్గడం తండ్రి గమనించారు. వేలమందిని ఏడిపించే ఆ నోరు ఇంట్లో కొడుకు ముందు గర్జించలేదు. కూర్చుని ఒక చిన్న పుస్తకం రాసి ఇచ్చారు. పేరు లఫ్తతుల్ కబిద్. అందులో కొంత భాగం తన కథే. నది ఒడ్డున చదువుకున్న రోజులు, ఇరవై దీనార్లు, అమ్ముకున్న ఇళ్ళు, మధ్యలో కాలం విలువ, తెల్లవారుజామున లేవడం గురించి నాలుగు మాటలు.

కొడుకు మారలేదు. యౌవనంలో కొన్నాళ్ళు బోధ చేసి అదీ మానేశాడు. తర్వాత తండ్రి కష్టాల్లో ఉన్న రోజుల్లో ఆయన పుస్తకాలను కారుచౌకగా అమ్మేశాడు. నూహ్ (అలై) కొడుకు పడవ ఎక్కలేదు. మాట ఎంత గొప్పదైనా హిదాయత్ అల్లాహ్ చేతిలో ఉంది. అయితే ఆ ఉత్తరం వృథా కాలేదు. ఎనిమిదిన్నర శతాబ్దాలుగా ఎంతోమంది ఇతరుల కొడుకులు దాన్ని చదువుతూనే ఉన్నారు.

వాసిత్‌లో ఐదేళ్ళు

ఆ కష్టాలు వచ్చినది హి.శ. 590 (క్రీ.శ. 1194)లో. దానికి మూలం పాత పగ. కొన్నేళ్ళ ముందు షేఖ్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మలై) మనుమడు అబ్దుస్సలామ్ గారి పుస్తకాలలో తత్వశాస్త్రం, జ్యోతిషం ఉన్నాయని నిందమోపి బహిరంగంగా తగలబెట్టారు. వారి మద్రసాను తీసి ఇబ్నె జౌజీకి అప్పగించారు. ఆ వ్యవహారంలో ఈయన పాత్ర ఉంది. మంత్రులు మారారు, గాలి తిరిగింది. ఎనభై ఏళ్ళకు చేరువవుతున్న వృద్ధుణ్ణి ఒంటిమీద ఉన్న పలుచని బట్టతోనే చిన్న పడవ ఎక్కించి వాసిత్ పట్టణానికి పంపి ఒక ఇంట్లో నిర్బంధించారు.

అక్కడ ఐదేళ్ళు! మింబర్ లేదు, జనం లేదు, చీటీలు లేవు. బావిలో నీళ్ళు తోడుకునేవారు, వంట వండుకునేవారు, బట్టలు ఉతుక్కునేవారు. ఖలీఫాలు చెవులు రిక్కించి విన్న మనిషికి వినేవాడు కరువయ్యాడు. ఆ సమయంలో ఆయన చేసిన పని చూడండి. వాసిత్‌లో ఇబ్నుల్ బాఖిల్లానీ అనే ఖారీ ఉండేవారు. ఆయన ఎదుట శిష్యునిగా కూర్చుని, ఎనభై ఏళ్ళ వయసులో, ఖుర్ఆన్‌ను పది ఖిరాఅత్‌లలో చదివి వినిపించారు. పక్కనే కూర్చుని చదివినది చిన్న కుమారుడు యూసుఫ్. హి.శ. 580లో పుట్టిన పిల్లవాడు. జీవితమంతా ఇతరులు విన్న గొంతు ఇప్పుడు తప్పులు దిద్దించుకుంటోంది.

ఆ యూసుఫే పదిహేనేళ్ళ వయసుకే బోధ మొదలుపెట్టి, ఖలీఫా తల్లి ద్వారా సిఫారసు చేయించి హి.శ. 595 (క్రీ.శ. 1199)లో తండ్రిని విడిపించుకున్నాడు. ఈయనే తర్వాత డమాస్కస్‌లో జౌజియ్యా మద్రసా కట్టించారు. క్రీ.శ. 1258లో మంగోలులు బాగ్దాదును నాశనం చేసినప్పుడు తన ముగ్గురు కొడుకులతో సహా హతులయ్యారు.

చివరి సభ

బాగ్దాదుకు తిరిగివచ్చిన ఇబ్నె జౌజీ మళ్ళీ మింబర్ ఎక్కారు. చివరి సభ హి.శ. 597 రమజాన్ 7వ తేదీ, శనివారం. అది మారూఫ్ కర్ఖీ (రహ్మలై) సమాధి దగ్గరలో జరిగింది. దిగివచ్చాక జ్వరపడ్డారు. ఐదు రోజులు మంచంలో ఉండి రమజాన్ 12వ తేదీ, శుక్రవారం రాత్రి మగ్రిబ్, ఇషాల మధ్య కన్నుమూశారు. అది క్రీ.శ. 1201 జూన్ నెల. బజార్లు మూతపడ్డాయి. ఎండ మండిపోతోంది, జనమంతా రోజాలో ఉన్నారు. జనాజా జనసముద్రంలో చిక్కుకుని, బాబె హర్బ్ శ్మశానంలో ఇమామ్ అహ్మద్ (రహ్మలై) సమాధి సమీపంలో ఖననం జరిగేసరికి జుమా వేళ అయింది. ఎండకు తాళలేక కొందరు నీళ్ళలోకి దూకారట.

గుస్ల్ విషయంలో ఆయన ఒక వీలునామా చెప్పి ఉంచారు. దైవప్రవక్త (సఅసం) హదీసులు రాయడానికి చెక్కిన కలాల పొట్టును ఏళ్ళ తరబడి దాచారు కదా, తన అంతిమ స్నానానికి నీళ్ళు దానితోనే కాచమన్నారు. అలాగే కాచారు. నీళ్ళు కాగాక కూడా కొంత పొట్టు మిగిలిపోయిందని చరిత్రకారుడు ఇబ్నె ఖల్లికాన్ రాశారు.